బ్విండీ గొరిల్లా ట్రిప్: పర్మిట్ కొనేశాం కదా, ఇంకా ఊరివాళ్ళకెందుకు ఇవ్వాలి?

నేను ఉగాండాలో ఉంటూ బ్విండీ అడవికి మనవాళ్ళని తీసుకెళ్తుంటాను. బుకింగ్ మాట్లాడేటప్పుడు దాదాపు అందరూ అనేది ఒకటే. "గొరిల్లాల్ని చూసే పర్మిట్‌కే 800 డాలర్లు పోశాం, మళ్ళీ బ్యాగు మోయడానికి పోర్టర్ ఎందుకండీ, ఊరు చూపించే నడక ఎందుకండీ, ఊరివాళ్ళ వాటా అందులోనే పోతుంది కదా."

అపోహ: పర్మిట్ డబ్బు చాలావరకు ఊరివాళ్ళకే వెళ్తుంది.

వాస్తవం: వెళ్ళదు. చట్టం ప్రకారం చుట్టుపక్కల ఊళ్ళకిచ్చే 20 శాతం పార్కు ఎంట్రీ ఫీజులోంచే, గొరిల్లా పర్మిట్ మీద కాదు. పర్మిట్‌లోంచి గొరిల్లా లెవీ అనే రుసుము కింద ఊళ్ళకొచ్చేది 10 డాలర్లు. మిగతాది ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీకి పోతుంది, రేంజర్ల జీతాలు, గొరిల్లాలు లేని వేరే పార్కుల ఖర్చు కూడా అందులోంచే. అది తప్పని అనట్లేదు, కానీ ఊరి వాటా కూడా ప్రాజెక్టుల రూపంలోనే వస్తుంది, అడవి గట్టు పక్కనే బంగాళాదుంప వేసుకున్న మనిషి చేతికి రూపాయి అందదు. అతని చేలో అడవిపందులు, బబూన్ కోతులు పడతాయి, ఒక్కోసారి గొరిల్లాలే వచ్చి అరటిబోదెలు చీల్చి తినేస్తాయి, కాపలాకి పిల్లలు బడి మానేస్తారు. 1991లో పార్కు ప్రకటించినప్పుడు ఆ అడవిలోనే బతికే బట్వా తెగ వాళ్ళని అడవి నుంచే వెళ్ళగొట్టారు, వాళ్ళ సంగతి ఇంకా ఘోరం.

2020లో కోవిడ్‌తో టూరిస్టులు రావడం ఆగిపోయింది, జూన్‌లో రఫీకీ అనే సిల్వర్‌బ్యాక్‌ని (వీపు నెరిసిన పెద్ద మగ గొరిల్లాని) ఈటెతో చంపేశారు. పట్టుబడ్డవాడు చిన్న జంతువుల వేటకెళ్ళానని చెప్పాడు, 11 ఏళ్ళ జైలు పడింది. అడవి పక్క ఊళ్ళో పని లేకపోతే ఏమవుతుందో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అందుకే పోర్టర్‌ని పెట్టుకోమంటాను. దాదాపు 20 డాలర్లు, నేరుగా ఆ మనిషి చేతికే. వంతుల వారీగా పిలుస్తారు కాబట్టి ఒక్కొక్కరికి నెలలో పని దొరికేది కొన్ని రోజులే. విజయవాడ నుంచి వచ్చిన ఒకావిడ "ఆడపిల్లతో బ్యాగు మోయించడం పాపం నాయనా" అని బ్విండీలోని రుషాగా వైపు వెళ్ళినప్పుడు వద్దనేశారు, నేను బతిమాలి ఒప్పించాను. బురదలో వాలు దిగేటప్పుడు గమ్‌బూట్లేసుకున్న ఆ అమ్మాయి ముందు నిలబడి, తన కాలు అడ్డం పెట్టి, ఈవిడ రెండు చేతులూ పట్టుకుని ఒక్కో అడుగూ దింపింది. తిరిగొచ్చాక పిల్లల ఫీజులకి ఈ పనే ఆధారమని చెప్పింది. పాపం ఎందుకవుతుందండీ, అది ఉద్యోగం.

మిగతావి గబగబా చెప్పేస్తా. అక్కడివాళ్ళు గొరిల్లాల్ని తింటారని వాట్సాప్‌లో తిప్పుతున్నారు, దయచేసి ఆపండి, వాళ్ళకా అలవాటే లేదు, ఉచ్చులు పెట్టేది డుయికర్లనే చిన్న జింకల్లాంటి జంతువుల కోసం, అడవిపందుల కోసం. గొరిల్లా మీద పడుతుందేమోనని భయపడే అమ్మలూ, మీకు చూపించే గుంపులు ఏళ్ళ తరబడి రేంజర్లకి అలవాటైనవి, దూరం పాటించి రేంజర్ చెప్పినట్టు వినండి చాలు. 15 ఏళ్ళలోపు పిల్లలకి ప్రవేశం లేదు, బతిమాలినా లాభం లేదు. రోడ్డు పక్క పిల్లలకి చాక్లెట్లు, డబ్బులు ఇవ్వకండి, బడి ఎగ్గొట్టి అక్కడే కూర్చుంటారు. ఇవ్వాలనిపిస్తే బ్విండీ పక్కనే బుహోమాలో ఊరివాళ్ళే నడిపే రెస్ట్ క్యాంప్ ఉంది, అందులో దిగండి, వాళ్ళతో ఊరంతా తిరగండి.

దగ్గు, జలుబు ఉంటే మాత్రం టాబ్లెట్ వేసుకుని దాచొద్దు. మన జబ్బులు గొరిల్లాలకీ అంటుకుంటాయి, 1996లో మనుషుల నుంచి అంటిన గజ్జితో ఒక గొరిల్లా పిల్ల చచ్చిపోయింది. నాకు ముందు రోజు రాత్రే చెప్పండి, ఏం చేయాలో కూర్చుని మాట్లాడుకుందాం.