మోకాలి కీలు మార్పిడికి రక్తం ఎక్కించక తప్పదా? అపోహలు - వాస్తవాలు

మోకాలి ఆపరేషన్‌కు తేదీ ఖరారు కాగానే ఇంట్లోవాళ్లు రక్తదాతల కోసం ఫోన్లు మొదలుపెడతారు. మత్తు వైద్యురాలిగా నా కోరిక ఒక్కటే: ఆ హడావుడిలో సగమైనా రోగి హిమోగ్లోబిన్ మీద పెట్టండి. ఆ పరీక్ష ఆపరేషన్ ముందురోజు కాదు, కనీసం నెల ముందు జరగాలి. ఒక్క మోకాలే మార్చి, రక్తహీనతను ముందే సరిచేసుకుంటే చాలామందికి ఇప్పుడు ఒక్క యూనిట్ కూడా ఎక్కించాల్సిన పని ఉండదు. రెండు మోకాళ్లూ ఒకేసారి మార్చేటప్పుడు మాత్రం ఆ అవసరం పెరుగుతుంది.

అపోహ: దానిమ్మ, బీట్‌రూట్ రసం తాగితే రక్తం పడుతుంది.

తాగండి, తప్పు లేదు. కానీ ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటినవారికి ఆ రసాలు ఏ మూలకూ చాలవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అరవై దాటి మోకాళ్ల కోసం వచ్చే అమ్మల్లో చాలామంది ఆ లోటును ఏళ్ల తరబడి మోస్తున్నవారే. దానికి తోడు మోకాలి నొప్పికి రోజూ వేసుకునే మాత్రలు! అవి కడుపులో పుండ్లు చేసి, బయటికి తెలియకుండా రక్తం పోయేలా చేస్తాయి. అందుకే హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలను చెప్పే పరీక్ష), బీ12 కూడా చూడమంటాను. కారణం అంతుపట్టని ఐరన్ లోపం ఉంటే ముందు కడుపు, పేగుల పరీక్ష జరగాలి, మోకాలు ఆగగలదు. ఐరన్ మాత్రను టీ, కాఫీ, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. సమయం తక్కువగా ఉన్నా, మాత్రలు పడకపోయినా నరం ద్వారా ఐరన్ ఇస్తాం.

అపోహ: తొడకు పట్టీ బిగిస్తారు కాబట్టి రక్తం పోదు.

టార్నికెట్ అనే ఆ పట్టీ బిగించినంతసేపు కోత పొడిగానే కనిపిస్తుంది. పట్టీ వదిలాక, కోసిన ఎముక నుంచి ఊరే రక్తం కీలులోకి, చుట్టూ ఉన్న కండరాల మధ్యకు చేరుతుంది. కంటికి కనిపించని ఈ నష్టమే మొత్తంలో దాదాపు సగం ఉండవచ్చు. ఆపరేషన్ సాయంత్రం 11 ఉన్న హిమోగ్లోబిన్ మూడో రోజుకు 9కి దిగడం వెనుక తరచూ ఉండేది ఇదే. "చెడు రక్తం బయటికి పోవాలి కదా" అని డ్రెయిన్ (లోపలి రక్తాన్ని బయటికి లాగే గొట్టం) పెట్టమని అడుగుతుంటారు. లోపల చేరిన రక్తం ఒత్తిడికి రక్తస్రావం దానంతటదే ఆగుతుంది. గొట్టంతో లాగేస్తే ఆ ఒత్తిడి పోతుంది. డ్రెయిన్ పెట్టినవారికే రక్తం ఎక్కించాల్సిన అవసరం ఎక్కువగా వచ్చిందని అధ్యయనాలు చెబుతున్నాయి.

అపోహ: రక్తస్రావం ఆపే ఇంజెక్షన్ ఇస్తే గుండెలోనో, కాలిలోనో గడ్డకడుతుంది.

ఆ మందు ట్రానెక్సామిక్ యాసిడ్. జపాన్‌కు చెందిన ఉతాకో ఒకామోతో, ఆమె భర్త షోసుకే దీని గురించి 1962లో ప్రచురించారు. ఇది కొత్తగా గడ్డను పుట్టించదు, గాయం దగ్గర ఏర్పడిన గడ్డ తొందరగా కరిగిపోకుండా కాపాడుతుంది. టార్నికెట్ వదిలాక గడ్డలు కరిగే ప్రక్రియ కాలిలో ఊపందుకుంటుంది కనుక మోకాలి ఆపరేషన్‌లో ఇది బాగా పనికొస్తుంది. సాధారణంగా కోతకు ముందు ఒక గ్రాము, అంటే 500 మి.గ్రా. ఆంప్యూళ్లు (మందు ఉండే చిన్న గాజుసీసాలు) రెండు. కీలు మార్పిడి రోగులపై జరిగిన అధ్యయనాల్లో దీనివల్ల కాళ్లలో గడ్డలు పెరిగినట్టు తేలలేదు. ఈమధ్యే స్టెంట్ వేసినవారికి, పక్షవాతం వచ్చినవారికి, మూర్ఛ ఉన్నవారికి ఆచితూచి నిర్ణయిస్తాం. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు తగ్గిస్తాం. నా భయం మరొకటి: ఈ ఆంప్యూల్ కొన్నిసార్లు వెన్నుకు ఇచ్చే మత్తుమందు ఆంప్యూల్‌లాగే ఉంటుంది. పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణం తీస్తుంది. రెంటినీ ఒకే ట్రేలో పెట్టనివ్వను.

అపోహ: ఎక్కించాల్సి వస్తే కొడుకు రక్తమే శ్రేష్ఠం.

ప్రేమతో అనే మాటే, కానీ దగ్గరి రక్తసంబంధీకుల రక్తంలోని తెల్లకణాలు రోగి శరీరంపైనే దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదే అయినా దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకం. రేడియేషన్‌తో శుద్ధి చేయకుండా అలాంటి రక్తం ఎక్కించకూడదు. అబ్బాయి రక్తనిధికి ఇవ్వనివ్వండి, అమ్మకు వేరొకరిది వస్తుంది.

అపోహ: హిమోగ్లోబిన్ పదికి తగ్గితే వెంటనే ఎక్కించాలి.

ఇది పాత లెక్క. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన, గుండెజబ్బు ఉన్న లేదా ఆ ముప్పు ఉన్న వృద్ధులపై జరిగిన ఒక పెద్ద పరిశోధన 2011లో వెలువడింది. 10 దగ్గర ఎక్కించినవారికీ, 8 వరకు ఆగినవారికీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మేమూ సాధారణంగా 8 దాకా ఆగుతాం. ఛాతీలో నొప్పి, సెలైన్ ఇచ్చినా తగ్గని గుండెదడ, లేచి నిలబడితే కళ్లు తిరగడం ఉంటే అంకె కోసం ఎదురుచూడం. ఎక్కించినా ఒక్క యూనిట్ ఇచ్చి, మళ్లీ పరీక్షించి, ఆ తర్వాతే రెండోదాని గురించి ఆలోచిస్తాం.