ఆపరేషన్ తెలిసిన ఇళ్లలో మాత్ర ఎందుకు తెలియదు?

గర్భనిరోధక మాత్ర ఒకరోజు మరిచిపోతే ఏం చేయాలో అడుగుదామంటే మన ఇళ్లలో చెప్పేవాళ్లు దొరకరు. బాలింత పథ్యం గురించి గంటసేపు చెప్పగల అమ్మకూ అత్తకూ ఈ సంగతి తెలియదు. వాళ్లేమీ దాచడం లేదు, చాలామంది ఆ మాత్ర ఎన్నడూ వాడలేదంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన స్త్రీలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైనే. దేశం మొత్తంలో మాత్రలు వాడేవాళ్లు 5 శాతం. మన దగ్గర అంత కూడా లేరు.

ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లోనే మొదలైంది. మలుపు మాత్రం ఎమర్జెన్సీలో వచ్చింది. 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, ఎక్కువ భాగం మగవాళ్లకు, చాలాచోట్ల బలవంతంగా. ఆ కోపం 1977 ఎన్నికల్లో బయటపడింది. తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ల జోలికి గట్టిగా వెళ్లలేదు. భారమంతా ఆడవాళ్ల మీద పడింది. ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అన్నారే గానీ ఆ ఇద్దరి మధ్య ఎడం ఎలా ఉంచుకోవాలో చెప్పడానికి అంత శ్రద్ధ పెట్టలేదు. ఆపరేషన్ల లెక్కకు టార్గెట్లుండేవి, అవి 1996 దాకా నడిచాయి. పాతికేళ్లు నిండకుండానే ఇద్దరు పిల్లలు, ఆపై ఆపరేషన్. మాత్ర అవసరం పడే వయసే వాళ్లకు మిగల్లేదు.

మాత్ర మీద భయానికీ చరిత్ర ఉంది. 1960లో అమెరికా అనుమతించిన తొలి గర్భనిరోధక మాత్ర ఎనోవిడ్‌లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ 150 మైక్రోగ్రాములు. రక్తం గడ్డకట్టిన కేసులు బయటపడి, 1970లో సెనేట్ విచారణ జరిగాకే ఆ ప్రమాదాన్ని ప్యాకెట్‌లో రాసి పెట్టడం మొదలైంది. నేడు ప్రభుత్వం ఇచ్చే గర్భనిరోధక మాత్ర మాలా-ఎన్‌లో ఈస్ట్రోజన్ 30 మైక్రోగ్రాములే. మోతాదు తగ్గింది, భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

ప్రభుత్వ కండోమ్ నిరోధ్ కథ వేరు. 1968లో కుటుంబ నియంత్రణకు గుర్తైన ఎర్ర త్రికోణంతో, మూడింటికి 15 పైసల ధరకు వచ్చినప్పుడు అది ఆలుమగల వస్తువు. 1986లో చెన్నైలో హెచ్‌ఐవీ బయటపడింది. 2000ల మొదట్లో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న హోర్డింగులు ఊరూరా వెలిశాయి. ఆ ప్రచారం అవసరమైనదే. కానీ కండోమ్ అంటే బయటి సంబంధాలకే అన్న ముద్ర కూడా బలపడిందని నా అభిప్రాయం. ఈరోజుకీ భార్య కండోమ్ మాటెత్తితే ‘నన్ను అనుమానిస్తున్నావా?’ అనే భర్తలున్నారు. మాత్ర గర్భాన్నే ఆపుతుంది. హెచ్‌ఐవీనీ, సిఫిలిస్‌నూ, గనేరియానూ ఆపదు. వాటికి కండోమే కావాలి. రెండూ కలిపి వాడటంలో అనుమానం మాటేమీ లేదు.

ఇక ఇంట్లో ఎవరూ చెప్పని సంగతులు. మాలా-ఎన్ షీటులో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. నెలసరి మొదలైన అయిదు రోజుల్లోపు మొదలుపెట్టి, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. ఒక హార్మోన్ మాత్ర మరిచిపోతే గుర్తురాగానే వేసుకుని మిగతావి మామూలుగా కొనసాగించాలి, ఆరోజు రెండు వేసుకోవాల్సి వచ్చినా సరే. వరుసగా రెండు అంతకుమించి తప్పితే చివరగా తప్పిన మాత్ర ఒక్కటే వెంటనే వేసుకోవాలి. షీటు కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ వాడాలి. అది మూడో వారమైతే ఐరన్ మాత్రలు వదిలేసి కొత్త షీటు మొదలుపెట్టాలి. వేసుకున్న మూడు గంటల్లోపు వాంతైతే ఇంకోటి వేసుకోవాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఈ మాత్ర పనిని దెబ్బతీస్తుంది.

మన దగ్గర ఎక్కువగా కనిపించే పొరపాటు ఇంకొకటి. పెళ్లికో వ్రతానికో నెలసరి వాయిదా వేయడానికి తెచ్చుకునే నోరెథిస్టిరాన్ మాత్రలనే గర్భనిరోధకం అనుకుంటారు. అలా వేసుకున్న రోజుల్లో అవి గర్భం రాకుండా ఆపుతాయని నమ్మడానికి లేదు. కలయిక తర్వాత 72 గంటల్లోపు వేసుకునే మాత్ర కూడా ఎప్పుడైనా అత్యవసరానికే, నెలనెలా వాడేది కాదు.

బీపీ ఉన్నవాళ్లు, 35 దాటి పొగతాగేవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లు, ఆరు నెలల్లోపు బిడ్డకు పాలిస్తున్న తల్లులు మాలా-ఎన్ మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగాలి. పాలిచ్చే తల్లులకు హార్మోన్ లేని ఛాయా ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన ఈ మాత్రను మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికొకసారి వేసుకోవాలి. మాలా-ఎన్, ఛాయా, నిరోధ్ మూడూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు.