తరగతి గది: గుమ్మంలోంచి కనిపించనివి

చెన్నైలో బడులకు తరగతి గదులు డిజైన్ చేయడం నా పని. అడ్మిషన్లప్పుడు మన తెలుగు తల్లిదండ్రులు చాలామంది గదిని గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోతారు. లోపలికి వెళ్లి చివరి బెంచీలో ఐదు నిమిషాలు కూర్చోండి.

అపోహ: ఏసీ గది అంటే మంచి గాలి.

వాస్తవం: మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 420 భాగాలు ఉంటుంది. మార్చిలో ఒక ఏసీ క్లాసులో మీటర్ పెడితే రెండో పీరియడ్ అయ్యేసరికి 2000 దాటింది. "పొద్దున్నే ఆవలింతలు సార్ వీళ్లకి" అంది టీచరమ్మ. పిల్లల తప్పేముంది? మన ఎండలకు ఏసీ వద్దనను. పీరియడ్ మారినప్పుడల్లా తలుపూ ఎదురు కిటికీ తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి.

అపోహ: గోడల నిండా చార్టులుంటే చదువు బాగా వస్తుంది.

వాస్తవం: అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 24 మంది చిన్నపిల్లలకు రెండు రకాల గదుల్లో పాఠాలు చెప్పించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. బొమ్మలతో నిండిన గదిలో విన్న పాఠాల మీద 42 శాతం సరైన జవాబులొస్తే, ఖాళీ గోడల గదిలో 55 శాతం వచ్చాయి. చిన్న అధ్యయనమే అయినా బోర్డున్న గోడనైనా ఖాళీగా వదలమని అందరికీ చెబుతాను.

అపోహ: కిటికీ ఎంత పెద్దదైతే అంత వెలుతురు.

వాస్తవం: పడమటి కిటికీకి నీడ లేకపోతే ఎండ బోర్డు మీద పడుతుంది. కర్టెన్ వేసేసి ట్యూబులైట్ల కింద చదువుతారు.

అపోహ: వెనక బెంచీ వాళ్లకు శ్రద్ధ ఉండదు.

వాస్తవం: ఇది విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఒక బడిలో డిక్టేషన్ జరుగుతుంటే వెనక కూర్చున్నాను. టీచర్ "పాట" అంది. నా పక్క పాప "పాక" అని రాసింది. నాకూ "పా" ఒక్కటే తెలిసింది. నున్నటి టైల్సు, బోసి స్లాబు, గాజు కిటికీలు ఉన్న గదిలో మాట గోడలకు తగిలి తిరిగొస్తుంది. అచ్చులు గట్టిగా ఉంటాయి, వాటి మోతలో హల్లులు మునిగిపోతాయి. మామూలు సైజు క్లాసులో మాట ఆగాక ఈ మోత అణగడానికి 0.6 సెకన్లు దాటకూడదని అమెరికా ప్రమాణం. ఆ పాపకు చెవి పరీక్ష కూడా చేయించారట, ఏ లోపమూ లేదు.

అక్కడ వెనక గోడంతా మెత్తటి గుడ్డ బోర్డు కొట్టించాం, సీలింగ్‌కు శబ్దాన్ని పీల్చే పలకలు వేయించాం. అంత డబ్బు లేకపోతే కుర్చీ కాళ్లకు రబ్బరు బుష్షులైనా వేయించండి. జరిపినప్పుడల్లా వచ్చే ఆ కిర్రుమనే చప్పుడు ఆ రోజే తగ్గిపోతుంది.