అమెరికాలో బ్యాంకు అకౌంటు: సీనియర్లు చెప్పేవి, అసలు సంగతులు

టెక్సాస్‌లో ఓ యూనివర్సిటీ పక్కనున్న బ్రాంచిలో అకౌంట్లు తెరవడం నా ఉద్యోగం. ఆగస్టు వచ్చిందంటే మన పిల్లలతో బ్రాంచి నిండిపోతుంది. నాకు తెలుగు వచ్చని తెలియగానే "అన్నా, మా సీనియర్ ఇలా చెప్పాడు" అని మొదలుపెడతారు. ఎక్కువగా వినపడేవి ఇవి.

అపోహ: సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే అకౌంటు ఇవ్వరు.

వాస్తవం: చట్టప్రకారం విదేశీయులకు పాస్‌పోర్టు నంబరు సరిపోతుంది. ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), అడ్రసు రుజువు లాంటివి ఒక్కో బ్యాంకు ఒక్కోలా అడుగుతుంది. ఆన్‌లైన్ ఫారం చాలాచోట్ల సోషల్ సెక్యూరిటీ నంబరు దగ్గరే ఆగిపోతుంది, నేరుగా బ్రాంచికి వెళ్లండి.

అపోహ: వేసిన చెక్కు బ్యాలెన్సులో కనిపిస్తే డబ్బు వచ్చేసినట్టే.

వాస్తవం: నా దగ్గరికి ఏడుపు ముఖంతో వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడ దెబ్బతిన్నవాళ్లే. చెక్కు పాసైందో లేదో తేలకముందే, సాధారణంగా ఒకటి రెండు పనిదినాల్లో, బ్యాంకు ఆ డబ్బు వాడుకోనిస్తుంది. అది దొంగ చెక్కని బయటపడడానికి వారాలు పట్టొచ్చు. మోసగాళ్లకు కావలసింది ఆ వ్యవధే. పార్ట్‌టైమ్ ఉద్యోగమని మెయిల్ వస్తుంది. ఇంటర్వ్యూ ఉండదు, లాప్‌టాప్ కొనుక్కోమని చెక్కు మాత్రం వస్తుంది. "మిగిలింది ఫలానా వాళ్లకు జెల్‌లో పంపెయ్" అంటారు (జెల్ అంటే ఇక్కడ ఫోన్లోంచే వెంటనే డబ్బు పంపే పద్ధతి, మన యూపీఐ లాంటిది). పంపాక చెక్కు బౌన్స్ అవుతుంది. బ్యాంకు ఆ మొత్తాన్ని మీ అకౌంటులోంచే వెనక్కి లాక్కుంటుంది, మీ చేత్తో జెల్‌లో పంపింది మాత్రం దాదాపు తిరిగి రాదు. మైనస్‌లో పడ్డ అకౌంటు కట్టకుండా వదిలేస్తే ఆ సంగతి చెక్స్‌సిస్టమ్స్ (కొత్త అకౌంటు ఇచ్చేముందు బ్యాంకులు చూసే సంస్థ) రికార్డులో ఐదేళ్లు ఉంటుంది, ఇంకో బ్యాంకులో అకౌంటు దొరకడమూ కష్టమే. చెక్కు క్లియరయ్యాకే డబ్బు చేతికి రావడం ఇండియాలో మనకు అలవాటు. ఎంటెక్ చదివినవాళ్లూ అందుకే పడిపోతున్నారు.

అపోహ: ఓటీపీ అడగరు కాబట్టి ఇక్కడి కార్డులకు రక్షణ లేదు.

వాస్తవం: ఉంది, కాకపోతే అది మీరు ఫిర్యాదు చేశాక మొదలవుతుంది. వేరేవాళ్లు వాడేస్తే క్రెడిట్ కార్డు మీద మీ బాధ్యత 50 డాలర్లు దాటదు. డెబిట్ కార్డు పోయిందని తెలిసిన 2 పనిదినాల్లో చెబితే 50, ఆలస్యమైతే 500 దాకా. స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల తర్వాత కూడా నోరు విప్పకపోతే, ఆపైన పోయేదానికి పరిమితే లేదు. నన్నడిగితే షాపుల్లో గీకడానికి క్రెడిట్ కార్డే మేలు.

అపోహ: క్రెడిట్ కార్డు మీద కొంచెం బాకీ ఉంచితే క్రెడిట్ స్కోరు పెరుగుతుంది.

వాస్తవం: పెరిగేది వడ్డీ. స్టేట్‌మెంట్‌లో ఉన్నదంతా గడువులోగా కట్టేయండి.

అపోహ: క్యాష్ 10,000 డాలర్లు దాటితే టెన్షన్, 9,000 చొప్పున వేసుకో.

వాస్తవం: ఈ సలహా ఎవరు కనిపెట్టారో గానీ, నేరంలోకి నెట్టే సలహా ఇది. 10,000 దాటితే మేం ప్రభుత్వానికి ఓ రిపోర్టు పంపుతాం. దానివల్ల మీకు పన్నూ పడదు, జరిమానా పడదు. ఆ రిపోర్టు తప్పించుకోవాలని ముక్కలు చేయడమే నేరం, డబ్బు న్యాయంగా వచ్చినదైనా సరే. ఇంటినుంచి డబ్బు వైర్‌లో (బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా) వస్తే ఈ గొడవే లేదు.

అపోహ: ఇండియాలో సేవింగ్స్ అకౌంటు అలాగే ఉంచేయొచ్చు.

వాస్తవం: ఎన్‌ఆర్‌ఐ అయ్యాక ఫెమా (ఇండియా విదేశీ మారక చట్టం) నియమాల ప్రకారం దాన్ని ఎన్‌ఆర్‌ఓగా, అంటే ఎన్‌ఆర్‌ఐలకుండే రూపాయి అకౌంటుగా, మార్పించుకోవాలి. ఆ పని అయ్యేదాకా ఇండియా సిమ్‌ను రీఛార్జి చేయిస్తూ ఉండండి, ఓటీపీలు దానికే వస్తాయి.