టార్చి సెల్లంత వోల్టేజీ, నిప్పురవ్వకు వంద రెట్లు

"ముదిరిన చర్మ క్యాన్సర్ గడ్డలకు కరెంటు పెట్టి తగ్గిస్తున్నారట, ఒళ్లు కాలిపోదా?" అని ఒక పాఠకురాలు అడిగారు. కాలదు. గడ్డను చంపే పని మందుది. ఆ మందుకు దారి తెరవడం వరకే కరెంటు పని. దీన్నే ఎలక్ట్రోకీమోథెరపీ అంటారు.

మందు పేరు బ్లియోమైసిన్. 1960లలో జపాన్‌లో హమావో ఉమెజావా బృందం నేలలో బతికే ఒక బ్యాక్టీరియా నుంచి తీసింది. కణంలోకి వెళ్లిందంటే డీఎన్‌ఏ పోగుల్ని తెంపేస్తుంది. చిక్కంతా ఆ వెళ్లడంలోనే ఉంది. ఇది నీళ్లలో కరిగే పెద్ద అణువు, కణత్వచమేమో కొవ్వు పొర.

పాఠాలు చెప్పేటప్పుడు ఈ పొరను పెన్సిల్ గీతలా గీసి వదిలేస్తాం. నాకు మాత్రం కణంలో అన్నిటికన్నా అద్భుతం అదే అనిపిస్తుంది. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. అలాంటివి 20 వేలు పేరిస్తే ఒక కాగితమంత మందం వస్తుంది.

ఇప్పుడు గడ్డకు అటూ ఇటూ ఎలక్ట్రోడ్లు పెట్టి, సెంటీమీటరుకు 1000 వోల్టుల చొప్పున ఇచ్చారనుకుందాం. 20 మైక్రోమీటర్ల వెడల్పున్న కణం వాటాకు వచ్చేది 2 వోల్టులే. కణం బయటా లోపలా ఉన్నది ఉప్పునీరు, కరెంటు తేలిగ్గా పారుతుంది. అడ్డుపడేది పొర ఒక్కటే. అందుకని భారమంతా ఆ పొర మీదే పడుతుంది. కణం గుండ్రంగా ఉండటం వల్ల అది ఒకటిన్నర రెట్లయి 3 వోల్టులవుతుంది. అంటే ఎలక్ట్రోడ్ల వైపున్న రెండు కొనల దగ్గరా చెరో 1.5 వోల్టులు. సరిగ్గా ఒక టార్చి సెల్లంత!

కానీ ఆ సెల్లును 5 నానోమీటర్ల సందులో ఇరికించాం. లెక్క కడితే మీటరుకు 30 కోట్ల వోల్టులు. పొడి గాలి మీటరుకు 30 లక్షల వోల్టుల దగ్గరే తెగి నిప్పురవ్వ పుడుతుంది. దానికి ఇది వంద రెట్లు. నిజానికి పొర అంతవరకూ తాళలేదు. ఒక వోల్టు దగ్గరికి వచ్చేసరికే కొవ్వు అణువులు పక్కకు ఒరిగి, నీళ్లు చొరబడి తూట్లు పడతాయి. అవి కూడా ఎలక్ట్రోడ్లకు ఎదురుగా ఉన్న రెండు వైపులే. కణం నడుము దగ్గర వోల్టేజీ సున్నా. కణం వెడల్పు సగమైతే దాని వాటా కూడా సగమే.

ఈ కరెంటును పల్స్‌లుగా, అంటే చిన్న చిన్న దెబ్బలుగా ఇస్తారు. ఒక్కో పల్స్ 100 మైక్రోసెకన్లు. అలాంటివి ఎనిమిది. మొత్తం కలిపినా రెప్పపాటులో వందో వంతు ఉండదు, ఇక కాలేది ఎక్కడ? కొన్ని నిమిషాల్లో తూట్లు వాటంతట అవే పూడుకుంటాయి, లోపలికి వెళ్లిన మందు అక్కడే చిక్కుకుపోతుంది. ప్రయోగశాలలో పెంచిన కణాల మీద బ్లియోమైసిన్ ప్రభావం ఇలా వందల రెట్లు పెరిగింది. విభజన చెందబోయే కణం తెగిన డీఎన్‌ఏతో ముందుకు పోలేక చస్తుంది. విభజన చెందని మామూలు కణాలు చాలావరకు తట్టుకుంటాయి.

ఫ్రాన్స్‌లోని గుస్తావ్ రూసీ క్యాన్సర్ సంస్థలో లూయిస్ మిర్ బృందం 1991లో రోగుల మీద తొలి ఫలితాలు ప్రకటించింది. 2006లో యూరప్ వైద్యులు ఒక అధ్యయనం ఆధారంగా ప్రామాణిక పద్ధతి రాశారు. ఆ అధ్యయనంలో సుమారు 85 శాతం గడ్డలు తగ్గాయి, 74 శాతం దాకా పూర్తిగా కరిగిపోయాయి. మందును రక్తనాళంలోకి ఎక్కించి 8 నిమిషాలు ఆగుతారు. ఆ తర్వాత 20 నిమిషాల్లో పల్స్‌లు ఇవ్వడం పూర్తవ్వాలి. పల్స్ పడినప్పుడల్లా కండరం ఎగిరిపడుతుంది, అందుకే మత్తు ఇస్తారు. ఎనిమిదింటినీ సెకనుకు 5000 వేగంతో ఇస్తే ఒక్క కుదుపులో అయిపోతుంది.

సూది తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న అపోహతో చాలామంది గడ్డను ముట్టుకోనివ్వరు. ఆ ఆలస్యం తలచుకుంటేనే బాధేస్తుంది. ఈలోగా గడ్డ పెరిగి మూడు సెంటీమీటర్లు దాటితే ఈ చికిత్సకు అంత బాగా లొంగదు.

ఊపిరితిత్తులకో కాలేయానికో పాకిన మెలనోమాను (ఒక రకం చర్మ క్యాన్సర్) ఇది తాకలేదు, దానికి వేరే మందులు వాడాల్సిందే. కానీ పుండుపడి, రక్తం కారుతూ, వాసన వేసే గడ్డతో రోజులు గడిపేవాళ్లకు ఇంకో మేలుంది. పల్స్‌లు పడగానే గడ్డలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. లోపలికి వచ్చిన మందు కొట్టుకుపోదు, కారే రక్తమూ ఆగుతుంది.