చాట్‌బాట్ లేని పుస్తకాన్ని ఎందుకు చెబుతుంది? ఏఐ వెనక ఉన్న రెండు దారులు

విద్యార్థి అసైన్‌మెంట్ చక్కగా ఉంటుంది. చివర ఇచ్చిన రిఫరెన్సుల్లో ఒకటి మాత్రం ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే ఆ పుస్తకం అసలు లేదు. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక లెక్చరర్లకు ఇది మామూలైపోయింది. ఇంత బాగా రాసే యంత్రం లేనిదాన్ని ఉన్నట్టు ఎందుకు చెబుతుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఏఐ అన్న పేరు 1955 నాటిది. జాన్ మెకార్థీ, మార్విన్ మిన్‌స్కీ, నెథానియల్ రోచెస్టర్, క్లాడ్ షానన్ కలిసి ఒక ప్రతిపాదన రాశారు. మరుసటి వేసవిలో డార్ట్‌మత్ కాలేజీలో పది మంది రెండు నెలలు కూర్చుంటే, యంత్రాలు భాష వాడడం లాంటి సమస్యల్లో కనీసం ఒకదానిలోనైనా చెప్పుకోదగ్గ ముందడుగు పడుతుందని వాళ్ల ఆశ. పాపం, ఆశ పెద్దదే.

ఆ తర్వాత చాలాకాలం పైచేయి మొదటి దారిదే, అంటే నియమాలదే. నిపుణుల దగ్గర ‘ఇలా ఉంటే ఇలా చేయాలి’ అని రాబట్టి కంప్యూటర్‌కు ఇచ్చేవాళ్లు. 1970ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో తయారైన మైసిన్ అనే ప్రోగ్రామ్ కొన్ని వందల నియమాలతో రక్తంలోని ఇన్ఫెక్షన్లకు యాంటీబయాటిక్ సూచించేది. ఆ మందే ఎందుకని అడిగితే, ఏ నియమం వాడిందో చూపించేది. ఇప్పటి చాట్‌బాట్‌నీ ‘ఎందుకు’ అని అడగొచ్చు. జవాబూ వస్తుంది. కానీ లోపల నిజంగా జరిగింది అదేనన్న హామీ లేదు.

రెండో దారి ఏఐ అన్న పేరు కంటే పాతది. 1913లో రష్యన్ గణితవేత్త ఆంద్రేయ్ మార్కోవ్, పుష్కిన్ రాసిన ‘యెవ్గెనీ ఒనెగిన్’ నుంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వస్తోంది, హల్లు ఎన్నిసార్లు వస్తోంది అని చేత్తో లెక్కపెట్టాడు. కవిత్వంతో ఆయనకు పనిలేదు. ముందున్న అక్షరాన్ని బట్టి తర్వాతి అక్షరం వచ్చే అవకాశం మారుతుందని చూపించాలి, అంతే. 1948లో షానన్ (డార్ట్‌మత్ ప్రతిపాదనలోని షాననే) ఆ లెక్కను ఇంగ్లిష్ పదాలకు వర్తింపజేశాడు. అలా పుట్టిన వాక్యాలు నాలుగు మాటల దాకా అర్థమున్నట్టే ఉంటాయి, ఆపైన దారి తప్పుతాయి.

ఆ దారి తప్పడాన్ని తగ్గించింది న్యూరల్ నెట్‌వర్క్‌లు, అంటే నియమాలు చెప్పకుండానే ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్‌లు. 1958 నాటి ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ పర్సెప్ట్రాన్ వాటిలో తొలితరానిది. మధ్యలో నిధులు ఎండిపోయిన ఏళ్లూ ఉన్నాయి. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మర్ అనే కొత్తరకం నెట్‌వర్క్‌తో, ముందున్న మాటలన్నిటిలో ఏది ఎంత ముఖ్యమో ఒకేసారి తూచడం కుదిరింది. 2020లో వచ్చిన జీపీటీ-3 అనే భాషా మోడల్‌లో 17,500 కోట్ల పారామీటర్లు (నేర్చుకుంటూ సర్దుకునే అంకెలు) ఉన్నాయి. ఆ తర్వాత మనుషుల చేత జవాబులకు ర్యాంకులు వేయించి, అడిగినదానికి పద్ధతిగా బదులిచ్చేలా మలిచారు. అడుగున ఉన్న పని మాత్రం మార్కోవ్ నాటిదే: ఇప్పటిదాకా వచ్చినదాన్ని బట్టి తర్వాతిదాన్ని ఊహించడం.

లేని పుస్తకం పుట్టేది ఇక్కడే. రచయిత పేరు, సంవత్సరం, ప్రచురణ సంస్థ, పేజీ నంబర్లు ఏ వరసలో వస్తాయో మోడల్‌కు బాగా పట్టుబడింది. ఆ వరసకు సరిపోయే మాటలు పేరుస్తుంది. ఇంటర్నెట్‌లో వెతికి జవాబిచ్చే చాట్‌బాట్లలో ఈ బెడద తగ్గింది కానీ పోలేదు.

‘ఇది ఏఐ రాసింది’ అని తేల్చే డిటెక్టర్ల తిప్పలకూ మూలం ఇదే. వాటిలో చాలా వరకు చూసేది, తర్వాతి పదం ఎంత సులభంగా ఊహించేలా ఉందన్నదే. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో తెచ్చిన డిటెక్టర్, ఆ సంస్థ లెక్క ప్రకారమే, ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకుంది. మనుషుల రాతల్లో 9 శాతాన్ని ఏఐ రాసినవేనంది. కచ్చితత్వం లేదని జులైలో ఉపసంహరించారు. పరాయి భాషలో రాసేవాళ్లు తెలిసిన మాటలే మళ్లీ మళ్లీ వాడతారు కాబట్టి దెబ్బ ఎక్కువగా వాళ్లకే. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలను అవి యంత్రం రాసినవన్నాయి.