సాఫ్ట్‌బాల్: బయటివారు అడ్డొస్తే ఏం చేయాలి? అపోహలు, వాస్తవాలు

అనంతపురం జిల్లాలో పాఠశాలల పోటీలకు నాలా అంపైరింగ్ చేసేవారికి ఇది తెలిసిన తలనొప్పే. మైదానానికి కంచె ఉండదు, ఫౌల్ గీతను (కొట్టిన బంతి చెల్లే ప్రాంతానికి హద్దును) ఆనుకునే జనం ఉంటారు. బంతి ఎవరికైనా తగిలిందంటే చాలు, రెండు జట్లూ ‘సార్, మళ్లీ వేయించండి’ అంటాయి. వీధి క్రికెట్ నేర్పిన అలవాటు ఇది.

అపోహ: బయటివారికి తగిలిన బంతి చెల్లదు, మళ్లీ ఆడించాలి.

వాస్తవం: అది విసిరిన బంతా, కొట్టిన బంతా అన్నది ముందు తేల్చుకోవాలి. ముందు విసిరిన బంతి సంగతి. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఫస్ట్ బేస్‌కు (పరుగు కోసం బ్యాటర్ వరసగా తాకాల్సిన నాలుగు స్థానాల్లో మొదటిదానికి) విసిరిన బంతి గురి తప్పి పక్కకు పోయిందనుకోండి. గీత అవతల నిలబడ్డ పిల్లవాడు సాయం చేద్దామని దాన్ని ఆపి, ఫీల్డర్ చేతికి అందించాడు. జనం చప్పట్లు కొడుతుంటే అంపైర్ రెండు చేతులూ పైకెత్తి ఆట ఆపాలి. అది బ్లాక్డ్ బాల్, అంటే ఆటలో లేనివారు ఆపిన బంతి. బంతి షార్ట్‌స్టాప్ చేయి విడిచే సమయానికి రన్నర్ (బేస్‌ల మధ్య పరుగెత్తే బ్యాటింగ్ జట్టు ఆటగాడు) ఏ బేస్ దాటి ఉంటే అక్కడి నుంచి రెండు బేస్‌లు ఇవ్వాలి. బ్యాటర్ అప్పటికి ఫస్ట్ బేస్ చేరకపోతే సెకండ్‌కు, చేరి ఉంటే థర్డ్‌కు వెళతారు. పిల్లవాడి మంచితనానికి మూల్యం ఫీల్డింగ్ జట్టు చెల్లించుకుంటుంది!

అపోహ: ప్రేక్షకుడి వల్ల క్యాచ్ జారితే ఔట్ ఇవ్వరు.

వాస్తవం: ప్రేక్షకుడు మైదానంలోకి చేయి చాచి అడ్డుకుంటే బ్యాటర్ ఔటే. ఫీల్డరే జనంలోకి చేయి చాచితే మాత్రం అది ఇంటర్‌ఫరెన్స్ (ఆటకు అడ్డుపడటం) కాదు. ఫోనుతో వీడియో తీస్తూ గీత దాటి వచ్చే తల్లిదండ్రులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. మీరు అడ్డుపడితే ఔటయ్యేది మీ బిడ్డే కావచ్చు.

అపోహ: బేస్ దగ్గర నిలబడే కోచ్‌కు బంతి తగిలితే రన్నర్ ఔట్.

వాస్తవం: విసిరిన బంతి పొరపాటున తగిలితే ఆట సాగుతుంది. కోచ్ కావాలని అడ్డుపడినా, రన్నర్‌ను చేత్తో పట్టి లేపినా, నెట్టినా ఔట్ తప్పదు. థర్డ్ బేస్ దగ్గర ఉత్సాహం పట్టలేక రన్నర్ వీపు మీద చేయి వేసి హోమ్ (పరుగు పూర్తయ్యే చివరి బేస్) వైపు తోసే కోచ్‌లు మన దగ్గర తక్కువేమీ కాదు.

అంపైర్ విషయంలోనూ గందరగోళమే. విసిరిన బంతి అంపైర్‌కు తగిలితే ఆట ఆగదు. బ్యాటర్ కొట్టిన ఫెయిర్ బంతి (ఫౌల్ గీతల లోపలి బంతి), పిచ్చర్‌ను (బ్యాటర్‌కు బంతి వేసే ఆటగాణ్ని) మినహాయించి ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర ఉండే ఫీల్డర్) ఎవరినీ దాటకముందే అంపైర్‌కు తగిలితే డెడ్ బాల్, అంటే ఆట ఆగుతుంది. బ్యాటర్‌కు ఫస్ట్ బేస్ ఇవ్వాలి. దాటాక తగిలితే ఆట సాగుతుంది.

కంచె లేనిచోట డెడ్ బాల్ గీతను (బంతి దాటితే ఆట ఆగే హద్దును) మ్యాచ్‌కు ముందే సున్నంతో గీయించాలి. హోమ్ ప్లేట్ దగ్గర ఇద్దరు కోచ్‌లనూ పిలిచి, దాన్ని చూపించి ఒప్పించాలి. ఆ తర్వాత ఆ గీత గురించి ఎవరు వాదనకు వచ్చినా నేను వినను.